మూడు తట్లు

అన్నూరులో మంచు కురవదు. మార్గశిరంలో తెల్లవారుజామున పొలాల మీద కాస్త పొగమంచు పరుచుకుంటేనే చెవులకు మఫ్లర్లు చుట్టుకునే ఊరది. అలాంటి ఊరి పిల్ల చారులత హిమాచల్‌లో కొండలెక్కించే గైడుగా చేరి, మంచు విరిగిపడితే కింద చిక్కుకున్నవాళ్ళను వెతికి తీసే పరీక్షకు పోతానంటే చుట్టాలు నవ్వక ఏం చేస్తారు? నవ్విన నాపచేనే పండుతుందని ఆమె ఊరుకుంది. తీరా పోయినేడు పరీక్ష తప్పింది. అప్పుడు మాత్రం ఆ నవ్వులు గుచ్చుకున్నాయి.

కొండమీదికి పోయేవాళ్ళంతా బీకన్ అనే అరచేతంత పరికరాన్ని ఛాతీకి కట్టుకుంటారు. మంచు కింద పడ్డ మనిషి బీకన్ సిగ్నల్ పంపుతుంటే, వెతికేవాళ్ళ బీకన్ అది ఏ పక్కనుందో, ఎన్ని మీటర్ల దూరమో తెర మీద చూపిస్తుంది. పరీక్షలో రెండింటిని పాతిపెడతారు. ఏడు నిమిషాల్లో రెండూ దొరకాలి. లేనిదాన్ని ఉందన్నా తప్పినట్టే. చారులత మొదటిదాన్ని రెండు నిమిషాల్లో పట్టేసి, ఆ సంబరంలో తడబడి రెండోదానికి పదకొండు నిమిషాలు చేసింది.

"నీ రెండోమనిషి చచ్చిపోయాడు," అన్నాడు పరీక్షాధికారి, కాగితం మీద గీత గీస్తూ.

ఆ మాట ఆమెను నిద్రలో కూడా వదల్లేదు. ఈసారి కూడా తప్పితే తను పనిచేసే కంపెనీ ఇక మనుషుల్ని ఆమె చేతికి అప్పగించదు. గుడారాల దగ్గర వంటలు చూసుకోవలసిందే.

మంచు లేని ఊళ్ళో సాధన చేయడం ఎట్లా? మామ జగన్నాథన్ జిన్నింగ్ ఫ్యాక్టరీ గోడౌన్‌లో గింజ తీయని పత్తి రెండు నిలువుల ఎత్తు కుప్పపోసి ఉంది. తెల్లగా ఉంటుంది, కాలు పెడితే దిగబడుతుంది. ఇంతకంటే ఏం కావాలి? ఆదివారం ఫ్యాక్టరీకి సెలవు. అన్నాలు తిని అందరూ కునుకు తీసే వేళ, వాచ్‌మన్ వేలుసామిని బతిమాలి షట్టర్ తీయించింది.

వేలుసామికి అరవై దాటాయి. బీకన్లు పెట్టిన రెండు ప్లాస్టిక్ డబ్బాలను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దాస్తా అమ్మణీ. అయితే వెతికే ముందర కుప్పను మూడు తట్లు తట్టల్ల. తట్టి, రవ్వంతసేపు నిలబడల్ల. మరవొద్దు."

"ఏంటికన్నా?"

"మీ తాత కాలంలో మా అక్క పొన్నూ, తోటి కూలి ఆరాయీ ఆ వెనక మూల పత్తి పంజులో కునుకు తీస్తాండ్రి. చూడకుండా లారీ లోడు పైన కొట్టేసిరి. ఆరాయిని లాగితిమి, ఉసురుండె. అందురం సంతోషంగా టీకి పోతిమి. లోపల ఎంతమందని ఎవురూ లెక్కపెట్టలే. సాయంత్రం ఎవురి సద్ది తూక్కు డబ్బా వాళ్ళు తీసుకొని పోతే ఒకటి మిగిలింది. మజ్జిగన్నం అట్లే ఉండె." అతను తుండుతో మూతి తుడుచుకున్నాడు. "ఔను... అప్పట్నించి తట్టి, లోపల ఉండేటోళ్ళు బదులిస్తారేమో చూడకుండా ఎవురూ చెయ్యి పెట్టరు."

చారులతకు పాపం అనిపించింది. కానీ మనసంతా గడియారం మీదే ఉంది. అతను లోపల డబ్బాలు దాచి వచ్చి గేటు వైపు పోగానే స్టాప్‌వాచ్ నొక్కింది. తట్టి నిలబడితే అర నిమిషం పోతుంది. సాధన అయ్యాక తడదాంలే అనుకుంది.

అంతే, తట్టలేదు.

షట్టర్ సగం దించి ఉండటంతో లోపల మసకగా ఉంది. పత్తి దుమ్ము, గింజల నూనె కమురు. నాలుగడుగులు వేసేసరికి బయటి కాకుల గోల కూడా వినిపించడం మానేసింది. పత్తి చప్పుళ్ళను మింగేస్తుంది. తన ఊపిరి, బీకన్ కూత, ఆ రెండే మిగిలాయి.

తెర మీద మీటర్లు తగ్గుతున్నాయి. పన్నెండు. ఏడు. మూడు. మడత విప్పిన సన్నటి పొడవాటి కర్రను కుప్పలోకి గుచ్చింది. టక్. మొదటి డబ్బా! రెండు నిమిషాలు కూడా కాలేదు. దొరికినట్టు గుర్తు పెట్టి ముందుకు కదిలింది. తెర మీద ఇంకొకటి కనిపిస్తోంది. బాణం వెనక మూలకు తిరిగింది.

తొమ్మిది... ఐదు... ఒకటి... సున్నా పాయింట్ నాలుగు.

కర్ర గుచ్చింది. టక్ అనలేదు. అరటిబోదెలో గుచ్చినట్టు మెత్తగా ఆగింది. ఇంకాస్త నొక్కింది. లోపలినుంచి ఏదో ఆ కర్రను మెల్లగా పైకి నెట్టింది.

పత్తి కదా, పొంగుతుంది... అనుకుంది. ఐదు నిమిషాల నలభై సెకన్లు. గెలిచానన్న సంతోషంలో మోచేతి దాకా చెయ్యి దూర్చింది. పైన పత్తి చల్లగా ఉంది. కింద మాత్రం వెచ్చగా, తడిగా తగిలింది. ఏదో వాసన. పులిసిన మజ్జిగన్నం వాసన.

"అమ్మణీ..."

షట్టర్ కింద వంగి వేలుసామి చూస్తున్నాడు.

"ఆ మూల ఏమి చేస్తాండవు?"

"రెండోది దొరికిందన్నా."

అతను చొక్కా జేబులోంచి ఒక బీకన్ తీశాడు. దాని దీపం వెలగడం లేదు.

"రెండోది నా దగ్గరే ఉంది. ఆ మూలకు పోను కాలు రాలే. డబ్బాలోంచి తీసి ఆపేస్తి. చెప్పను సిగ్గయింది..."

చారులత తెర చూసుకుంది. సున్నా పాయింట్ నాలుగు. చెయ్యి ఇంకా లోపలే ఉంది. ఆ చేతి కింద ఏదో కొద్దిగా పైకి లేచి, మళ్ళీ దిగింది.

చెయ్యి లాగేసుకుంది.

"రేకుల షెడ్డు కదా... ఇనుముకు దొంగ సిగ్నల్ వస్తుంది," అంది. ఆ మాట తనకే నమ్మకంగా లేదు. "తవ్వి చూద్దామా అన్నా?"

"వొద్దు. పోదాం రా."

ఆమెకు భయం వేసింది, నిజం. తడదామనుకున్నది కూడా గుర్తు రాలేదు. ఇద్దరూ బయటికి వచ్చి షట్టర్ దించారు. అతను వెనక్కి చూడలేదు, ఆమె కూడా చూడలేదు.

పదిహేను రోజుల తర్వాత హిమాచల్‌లో పరీక్ష. తెల్లటి వాలు, ఎండ, కోసే గాలి. మొదటిది నిమిషంన్నరలో, రెండోది ఐదు నిమిషాలకే దొరికింది.

"రెండూ అయ్యాయి," పరీక్షాధికారి కలం తీశాడు. "పాసయ్యావు. లే."

చారులత లేవలేదు. తెర మీద ఇంకొకటి ఉంది. సున్నా పాయింట్ నాలుగు. ఇక్కడ రేకులు లేవు, ఇనుము లేదు. ముక్కు మొద్దుబారిన ఆ చలిలో మజ్జిగన్నం వాసన.

"ఇంకెవరినైనా పాతారా?"

"ఇద్దరే. నేనే పాతాను. ఇంకొకరున్నారంటే పరీక్ష తప్పినట్టేనని తెలుసు కదా?"

తెలుసు. ఊరుకుంటే చాలు, అతను సంతకం పెట్టేస్తాడు. అందరూ టీకి పోవచ్చు... ఆ మాట తోచగానే ఆమెకు వేలుసామి అక్క గుర్తొచ్చింది. ఒకసారి వాళ్ళు వదిలేశారు. రెండోసారి చెయ్యి తగిలాక కూడా తను వదిలేసింది.

"ముగ్గురు," అంది.

కర్ర గుచ్చింది. మెత్తగా ఆగింది. పైకి లాగితే కొనకు దూది అంటుకుని వచ్చింది, గింజతో సహా. తడి లేదు.

"ఏమిటది?" అన్నాడతను.

ఆమె కర్రను మళ్ళీ అక్కడే దింపి వదిలేసింది. చేతితొడుగు తీసి, మంచు మీద అరచేత్తో మూడు తట్లు తట్టింది. తట్టి, ఆగింది.

గాలి కూడా ఆగింది.

ఎవరూ పట్టుకోని కర్ర పైకి లేచి దిగింది.

ఇంకోసారి లేచి దిగింది.

మూడోసారి లేచింది... కిందనుంచి ఎవరో పట్టుకున్నట్టు, మళ్ళీ దిగలేదు.