నలభై రెండో గడి

"నాలుగింటికల్లా చార్టు మొత్తం ఆకుపచ్చగా ఉండాలి. లేదంటే నీ కాంట్రాక్టు పొడిగించడం నావల్ల కాదు," అనేశారు వైస్ ఛాన్సలర్, ప్రణాళికా విభాగం అమ్మాయితో.

అప్పటికే మూడుంపావు. యూనివర్సిటీ ఐదేళ్ల ప్రణాళికలో నలభై రెండు పనులు. పూర్తయినవి ఆకుపచ్చ, కానివి ఎరుపు. ఎర్ర గడి ఒక్కటే మిగిలింది, నలభై రెండోది: లైబ్రరీ రీడింగ్ హాలు. దాన్ని ఎర్రగానే ఉంచిన మహానుభావుడు లైబ్రేరియన్.

చార్టు చంకలో పెట్టుకుని ఆ అమ్మాయి మెట్లు దిగిన తీరు చూసి ప్యూను గోడకి అతుక్కుపోయాడు. ఆరు నెలలుగా ఇదే గొడవ. ఆమె అరుస్తుంది, లైబ్రేరియన్ నవ్వుతాడు. ఆ నవ్వు చూస్తే ఒళ్లు మండుతుంది. చూడని రోజు ఏమీ తోచదు. అందుకు ఇంకా మండుతుంది.

"ఏమండీ, నా మీద మీకేమిటి పగ?" అంది లైబ్రరీలోకి దూసుకొచ్చి.

"కూర్చోండి మేడం. మంచినీళ్లు?"

"నాకు ఆకుపచ్చ కావాలి! రీడింగ్ హాలు కట్టారా, లేదా?"

"కట్టారు."

"కుర్చీలు?"

"రెండొందలు. ప్లాస్టిక్ కవర్లు కూడా విప్పలేదు."

"మరి ఎరుపెందుకు మహాప్రభో?"

అతను ఆమెని పై అంతస్తు మెట్ల దగ్గరికి తీసుకెళ్లాడు. బయట వాన. మెట్టుకిద్దరు చొప్పున విద్యార్థులు, ఒళ్లో పుస్తకాలు. కిటికీలోంచి జల్లు కొడుతుంటే ఒకమ్మాయి నోట్సుని చేతులతో కప్పుకుంటోంది. పైన హాలుకి తాళం.

"సోమవారం నుంచి వీళ్లకి పరీక్షలు," అన్నాడు.

"ఏ దద్దమ్మ వేయించాడండీ ఆ తాళం?"

అతను జేబులోంచి ఒక కాగితం తీసిచ్చాడు. 'వైస్ ఛాన్సలర్ ప్రారంభోత్సవం చేసేదాకా హాలు తెరవరాదు.' కింద ఆమె సంతకం. ఐదు నెలల కిందట, కట్టలో చదవకుండా గీకిపారేసినది.

"ముందే చెప్పొచ్చుగా!"

"నాలుగు ఉత్తరాలు రాశాను. 'పరిశీలనలో ఉంది' అని జవాబిచ్చారు. అదీ మీ సంతకమే."

ఆమె అతని జేబులోని పెన్ను లాక్కుని, కాగితానికి అడ్డంగా 'రద్దు' అని రాసింది. ఈసారి చదివి మరీ సంతకం పెట్టింది.

"తియ్యండి తాళం."

అతని మొహంలో నవ్వు పోయింది. "మీ ఉద్యోగం..."

"తియ్యమంటుంటే!"

పిల్లలు బిలబిలమంటూ లోపలికి దూరారు. పది నిమిషాల్లో ఆమె ఫోన్ మోగింది.

"హాలు తెరిచేశావట! మరి నా రిబ్బను?" వైస్ ఛాన్సలర్ గొంతు.

"ఐదు నెలలుగా మీకు తీరిక దొరకలేదు సార్. వీళ్లకి సోమవారం పరీక్షలు. ఇప్పుడు అన్నీ ఆకుపచ్చే. ఇదొక్కటి మాత్రం నిజంగా ఆకుపచ్చ."

 

"చార్టు తీసుకురా. కాంట్రాక్టు కాగితం కూడా, పొడిగిస్తాను," అని పెట్టేశారు.

హాలు మూల బల్ల మీద చార్టు పరిచి, లైబ్రేరియన్ ఆ ఎర్ర గడికి ఆకుపచ్చ రంగు వేశాడు. అంత చిన్న గడికి చాలాసేపు వేశాడు.

"ఇక మీరిటు రానక్కర్లేదు."

"రిపోర్టు కోసం రాను."

"మరింక దేనికోసం?"

"ఆరు నెలలు పోట్లాడాక కూడా అది నా నోటితోనే చెప్పించాలా? ఇంత మొద్దు బుర్రతో లైబ్రరీ ఎలా నడుపుతున్నారండీ?"

"ష్‌ష్! చదువుకుంటున్నాం," వెనక కుర్చీలోంచి విసుగ్గా ఒక గొంతు.

లైబ్రేరియన్ చెవుల దాకా ఎర్రబడ్డాడు. ఆమె అతని చొక్కా చెయ్యి పట్టి లాగింది.

"బయటికి రండి," గుసగుసగా అంది. "మిగతాది అక్కడ తిడతాను."