గాయంలో మిగిలిన ములికి

మా పైక్ క్రీక్ ఊరి విలుకాళ్లలో నన్ను మించిన గురిగాడు ఇంకా పుట్టలేదు. సరస్సు మీద పొగమంచు కమ్మిన రోజున, ఎగిరే దోమకు ఎడమవైపు మీసం మాత్రమే కత్తిరించిన బాణం నాది. కాబట్టి ములుకుల సంగతీ, వాటిని పట్టి ఉంచే జిగురు సంగతీ నేను చెబితే నమ్మితీరాలి.

ఒక నవంబరులో సిల్వీ కంగస్ అనే ఆవిడ, నేరపరిశోధకుడు హాపాలా గడప తొక్కింది. ఒంటి మీద చనిపోయిన మొగుడి వేటకోటు. హాపాలా సహాయకుడు మెర్ల్ కాఫీ పోసి ఇచ్చాడు. ఆమె ముట్టలేదు. జింక కోసం పొదచాటున కాచుకుని కూర్చున్న తన మొగుడు ఉర్హోను ఎవరో బాణంతో కొట్టి చంపారనీ, గాయంలో ములికి ఒక్కటే మిగిలిందనీ, బాణం కాడ మాయమైందనీ చెప్పింది. ఆ ములికి మీద ఉన్నది ఆమె తమ్ముడు టౌనో ఆకురాయితో గీసుకునే గుర్తు. బావా బావమరుదులు అంతకుముందు పడవ విషయంలో కొట్టుకున్నారు కూడా. షెరిఫ్ టౌనోను లోపల వేశాడు.

"వాడు చెయ్యలేదు. వాణ్ణి విడిపించండి. కానీ చేసినవాడి పేరు ముందు నాకు చెప్పండి. షెరిఫ్‌కి తర్వాత చెబుదురుగాని," అంది సిల్వీ.

"నీకెందుకమ్మా ముందు?"

"ఉర్హో విల్లు ఇంకా గోడకే ఉంది."

హాపాలా తల అడ్డంగా ఊపాడు. "పేరు అందరి ముందే చెబుతాను. నువ్వూ ఉందువుగాని. విల్లు మాత్రం ఇంట్లో పెట్టి రా."

షెరిఫ్ దగ్గర ఆ ములికిని అడిగి తీసుకుని, కాడ దూరే దాని గొట్టంలోకి హాపాలా భూతద్దంతో చూశాడు. సూదితో గీకాడు. అడుగున మాడిపోయిన పెచ్చు, దాని మీద నల్లటి బంక. రెంటినీ మెర్ల్‌కు చూపించి, ఏ రంగు పైన ఉందో గుర్తుపెట్టుకోమన్నాడు. మెర్ల్ తన యజమాని కంటే గొప్పవాడు ఈ భూమి మీద లేడనుకునే మనిషి. ఎందుకని అడక్కుండా గుర్తుపెట్టుకున్నాడు.

తర్వాత ఇద్దరూ టౌనో ఇంటి నేలమాళిగలోకి వెళ్లారు. అక్కడున్న బాణాలన్నిటికీ అడాప్టర్‌ను, అంటే కాడ చివర బిగించే మరముక్కను, ములికిలోకి దూర్చి రెండు ట్యూబుల జిగురు కలిపి అంటించి ఉంది. హాపాలా వాటిలో ఒకదాన్ని దుంగలోకి కొట్టించి, ములికిని అక్కడే వదిలి కాడ ఒక్కటే లాక్కురమ్మన్నాడు. మెర్ల్ దుంగకు కాలు తన్నిపెట్టి లాగాడు. అరచేతి తోలు ఊడింది, కాడ విరిగింది, అడాప్టర్ మాత్రం ములికిని వదల్లేదు.

ఇక మిగిలింది విలుకాళ్ల క్లబ్బు. ఇక్కడ నా దోమ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ క్లబ్బు పందేల్లో నా బాణం తగిలినదల్లా సావ్నా అనే ఆవిరిస్నానాల గది కప్పుకే. లోపల ఒళ్లు కాచుకుంటున్నవాళ్లు గుడ్డలు లేకుండా బయటికి పరిగెత్తుకొచ్చి నన్ను తిట్టేవారు. సరే. ఉర్హో పోయిన రోజు అడవిలో ఉన్నవాళ్లు, టౌనో కాక, ఇద్దరు. లెస్టర్ బూషార్ కొట్లో దొరికే పసుపు జిగురుకడ్డీ కరిగించి అంటిస్తాడు. ఆర్విడ్ లాంటోకు కొట్టు సరుకంటే అసహ్యం. స్ప్రూస్ చెట్టు బంకలో పైన్ చెక్క నుంచి తీసే తారు కలిపి సొంతంగా కాచుకుంటాడు. చలికి కొట్టు జిగురు పెళుసెక్కుతుందనీ, తనది ఎక్కదనీ అడిగినవాడికీ అడగనివాడికీ చెబుతాడు.

ఈ ఆర్విడ్ ఒకప్పుడు రాత్రిళ్లు దొంగచాటుగా దీపం వేసి జింకల్ని కొట్టేవాడు. పట్టించింది ఉర్హో, సాక్ష్యం చెప్పింది టౌనో. ఏళ్లపాటు అతని వేట లైసెన్సు పోయింది. హాపాలా అడిగితే, అదంతా ఎప్పుడో మరిచిపోయానన్నాడు.

ఆదివారం ప్రార్థన అయ్యాక హాపాలా అందర్నీ క్లబ్బుకు పిలిపించాడు. టౌనోను బేడీలతోనే తెచ్చారు. సిల్వీ గోడవారగా కూర్చుంది. హాపాలా ఆ ములికిని పటకారుతో పట్టి ఇనప పొయ్యి మీద ఉంచాడు. కాసేపటికి గదంతా తారు వాసన నిండింది. అందరి తలలూ ఒకే వైపు తిరిగాయి.

"నేనెవరి పేరూ చెప్పలేదు," అన్నాడు హాపాలా. టౌనో జిగురు పట్టు విడవదనీ, కాబట్టి గాయంలో విడిచిన జిగురు టౌనోది కాదనీ వివరించాడు. హంతకుడు టౌనో ములికిని దొంగిలించాడు. పాత జిగురు మాడేదాకా మంట మీద పెట్టి ఊడదీశాడు. తన అడాప్టర్‌కు తన బంకతో అంటించాడు. తారు ఎక్కువ పోసిన ఆ బంక చలిలో గట్టిగా ఉంటుంది, ఒంటి వేడికి మెత్తబడుతుంది. కాడ లాగితే వచ్చేస్తుంది, గుర్తున్న ములికి లోపలే ఉండిపోతుంది. ఒకడు మట్టిలోకి, ఇంకొకడు జైల్లోకి.

"తారు ఎవరింట్లో లేదయ్యా? మంచు మీద జారే స్కీలకు రాసేది అదేగా," అన్నాడు ఆర్విడ్ తాపీగా.

"నిజమే. పైగా ఇందులో నీ చెయ్యి ఉందని నేనూ అనుకోను, ఆర్విడ్. ఇది ఎవడో పనిరానివాడి పని. ములికిని వంకరగా అంటించాడు. బాణం ఊగుతూ పోయి, ఏదో అదృష్టం కొద్దీ తగిలింది."

"లెస్టర్ పనై ఉంటుంది," అని ఎవరో అంటే నవ్వులు లేచాయి. హాపాలా కూడా నవ్వాడు.

ఆర్విడ్ మెడ ఎర్రబడింది. "ఊగడమేంటి? గోరు మీద నిలబెట్టి తిప్పి చూశా. సూదిలా నిలబడి తిరిగింది."

నవ్వులు ఆగిపోయాయి. టౌనో చేతుల నుంచి షెరిఫ్ బేడీలు తీసి, వాటిని పట్టుకుని ఆర్విడ్ వైపు నడిచాడు. మెర్ల్ నోరు తెరిచి తన యజమానినే చూస్తున్నాడు.

సిల్వీ లేచి వెళ్లి ఆర్విడ్ ఎదురుగా నిలబడింది. ఆమె చేతులు ఆ కోటు జేబుల్లోనే ఉన్నాయి.

"నిన్ను చంపుదామనుకున్నా. ఇప్పుడొద్దు. నువ్వు చాలాకాలం బతకాలి. ఏటా వేట మొదలయ్యే రోజున జైలుకొస్తా. మంచు ఎంత పడిందో, గాలి ఎటు వీస్తోందో, వాగు పక్కన జాడలెన్నో చెబుతా. నువ్వు కూర్చుని వింటావు."

అన్నట్టే ప్రతి ఏడూ వెళ్లింది. గాజుపలకకు ఇవతల కూర్చుని, తొందరపడకుండా అన్నీ చెప్పేది. అవతల ఆర్విడ్ వినలేక, లేచిపోలేక, చెంపల మీద నీళ్లు కారుతుంటే కదలకుండా ఉండేవాడు.

ఆ కన్నీళ్లు మాత్రం నేను కల్పించినవి. అతను ఏడ్చాడని సిల్వీ నాకెప్పుడూ చెప్పలేదు. ఉర్హో నా స్నేహితుడు. అందుకని నేనే ఏడిపించాను.