ఆకలి లేదన్న మనిషి

రామకోటేశ్వరరావుగారు కంచం ముందుకు నెట్టి లేచారు. "నాకు ఆకలిగా లేదు," అన్నారు. అంతే! ఆ మాటతో ఆ ఇంట్లో ఆడవాళ్ళ భోజనాలు కూడా ముగిసిపోయినట్టే.

ఇల్లు విజయవాడలో, పక్కనే కంకిపాడులో ఆయనకు రైసుమిల్లు. ఎవరిమీదా గొంతు పెంచి ఎరగరు. చుట్టాలంతా దేవుడులాంటి మనిషంటారు. అనరూ మరి? వాళ్ళెవరూ ఈ ఇంట్లో పస్తు పడుకోలేదు కదా. ఆయన తినందే భార్య రాజ్యలక్ష్మి మెతుకు ముట్టదు. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు. కూతురు ఛాయాదేవి హైదరాబాదులో చదువుతానన్నప్పుడూ, ఉద్యోగం వచ్చిందని చెప్పినప్పుడూ ఇలాగే కంచం నెట్టారు. ప్రతిసారీ అమ్మ మొహం చూసి ఛాయే దిగివచ్చింది.

పెళ్ళయ్యాకా అంతే. భర్త సూర్యప్రకాష్‌కి విశాఖపట్నం బ్యాంకుకి బదిలీ అయి మూడేళ్ళయింది. ఛాయ పెట్టె సర్దుకున్నప్పుడల్లా నాన్నగారికి ఆకలి చచ్చిపోయేది. "వెళ్ళమ్మా, నిన్నెవరాపారు?" అనేవారు మెత్తగా. మర్నాటికి అమ్మకు కళ్ళు తిరిగేవి, అసలే షుగరు మనిషి. పెట్టె మళ్ళీ అటకెక్కేది. విజయవాడ నిండా జనం, వీధిలో తెల్లారిందగ్గర్నుంచి ఆటోల రొద... ఛాయకు మాత్రం గోడు చెప్పుకోవడానికి ఒక్క మనిషి లేదు. ఏమని చెబుతుంది? మా నాన్న అన్నం తినడం లేదు, అందుకని నేను కాపురానికి వెళ్ళడం లేదు అంటే నవ్వరూ?

ఈసారి సూర్యప్రకాష్ ఫోనులో కోప్పడలేదు. అదే ఆమెను భయపెట్టింది. "మీ ఇంటికి రాను ఛాయా. సాయంత్రం బండికి స్టేషన్లో ఉంటాను. నువ్వు రాకపోతే ఇంకెప్పుడూ పిలవను," అన్నాడు.

నాన్నగారు మిల్లుకని కారెక్కి వెళ్ళిపోయారు. ఛాయ సర్దిన చీరలు ఒక్కొక్కటే తీసి బీరువాలో పెట్టసాగింది.

"ఎందుకే తీసేస్తున్నావు?" తల్లి గుమ్మం పట్టుకుని నిలబడింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"నువ్వు తినవుగా అమ్మా. నిన్నిలా వదిలేసి నేనెక్కడికి పోను?"

రాజ్యలక్ష్మి మంచం మీద కూలబడింది. "మీ నాన్న తింటున్నారే. మిల్లు దగ్గర హోటల్లో. కండువాకంటిన సాంబారు మరకలు ఉతికేది నేనేగా. నీ చిన్నప్పట్నుంచీ అంతే."

ఛాయ చేతిలో చీర జారిపోయింది. "తెలిసీ... నువ్వెందుకమ్మా పస్తులున్నావు?"

"నేను తింటే ఆయన్ని నమ్మలేదన్నట్టవుతుంది కదే. ఆ మాట ఆయన మొహం మీద అనలేక..." ఆమె కిందపడిన చీర వైపు చూసింది. "నా భయంతో నీ కాపురం పాడుచేశాను తల్లీ."

ఛాయ తల్లి ఒళ్ళో తల పెట్టి భోరుమంది. ఇన్నేళ్ళూ ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఏడ్చుకున్నారు గాని, ఒకరితో ఒకరు ఏడవలేదు. కాసేపటికి తల్లే లేచి, పడిన చీర మడతపెట్టి పెట్టెలో పెట్టింది.

రామకోటేశ్వరరావుగారు తిరిగి వచ్చేసరికి రాజ్యలక్ష్మి భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉంది. ఎదురుగా వడ్డించిన కంచం. పక్కన పెట్టెతో కూతురు. ఆయన గుమ్మంలోనే ఆగిపోయారు.

"రాజ్యం, నేనింకా తినలేదు."

"మీకు ఆకలిగా లేదన్నారుగా," అందామె. పప్పన్నం కలిపి ముద్ద నోట్లో పెట్టుకుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయనకంటే ముందు తినడం అదే మొదలు. కన్నీళ్ళు కంచంలో పడుతున్నా ఆపలేదు. "నాకు ఆకలేస్తోందండీ."

ఆయన కూతురి వైపు చూశారు. ఆ చూపుకి ఛాయ ఎప్పుడూ కరిగిపోయేది. ఇప్పుడూ కరిగింది, కాని పెట్టె కింద పెట్టలేదు.

"వెళ్ళొస్తాను నాన్నా."

తల్లి ఎంగిలి చేత్తోనే లేవబోయింది.

"లేవకమ్మా. తిను," అంది ఛాయ, కళ్ళు తుడుచుకుంటూ.

రాజ్యలక్ష్మి మళ్ళీ కూర్చుంది. "వెళ్ళవే, బండి టైమవుతోంది. నేను పెరుగన్నం కూడా తినే లేస్తాను."