మూడు సమ్మతులు

సమ్మతి గంట మోగగానే వరాలు చెయ్యి తీసింది. తీయకూడని చెయ్యి అది.

హిమానీనదం కరగకుండా నేసి కప్పిన మంచుదుప్పటి ఎక్కడ చిరిగినా తనంతట తానే అతుక్కుంటుంది. అందుకే అతుకుల పనివాళ్లు జంటగా వెళతారు. ఒకరు చిరుగులోంచి దిగి కింద మంచుపగుళ్లు పూడుస్తుంటే, రెండోవారు పైన అంచు మీద అరచెయ్యి ఆనించి కూర్చుంటారు. ఒంటి వెచ్చదనం తగిలినంతసేపూ దుప్పటి మూసుకోదు. గంట మోగినప్పుడు మాత్రం పైనున్నవారు రెండో చేత్తో సమ్మతి ఫలకాన్ని తాకి, మా దేశం ఇంకా మూడు దేశాల ఒప్పందంలోనే ఉందని చెప్పాలి. ఆ రోజు గాలికి ఫలకం కాస్త అవతలికి జరిగింది. క్షణంలో పనే కదా అని వరాలు లేచింది. తిరిగి చూసేసరికి చిరుగు లేదు. దాని కింద ఆమె మొగుడు తవిటయ్య ఉన్నాడు.

"వరాలూ, సీకటైపోనాదేటే?" చెవికి పెట్టుకున్న చెవిపలుకులో అతని గొంతు వినిపించింది.

"మూసుకుపోనాది బావా. తప్పు నాదే. బేగి తెరిపిస్తానుండు."

తెరిపించడం ఆమె చేతిలో లేదు. ఒకప్పుడు ఈ మంచు కోసం కొట్టుకు చచ్చిన మూడు ప్రభుత్వాలు, ఒకదాన్నొకటి నమ్మలేకే చివరికి చేతులు కలిపాయి. దుప్పటి తెరవాలంటే మూడూ కలిసి ఊఁ అనాలి. ఏ సమ్మతైనా కాసేపే చెల్లుతుంది. దానంతట అది చిరిగితే ఫరవాలేదు గానీ, అడక్కుండా ఎవరైనా కోస్తే, కొండల బారునా ఉన్న దుప్పటంతా పట్టు వదిలేస్తుంది. ఎవరూ తెగించకూడదనే పెద్దలు దాన్ని అలా నేయించారు. పట్టు వదిలితే మంచు కరిగి దిగువ ఊళ్లను ముంచేస్తుంది, ఆపైన నదులు ఎండిపోతాయి.

సమన్వయ కేంద్రం నుంచి అధికారిణి సుచరిత మాట్లాడుతూనే ఉంది. "రెండు వచ్చాయమ్మా. మూడోవాళ్లు వివరణ అడుగుతున్నారు." కాసేపటికి, "మూడోది కూడా వచ్చింది. కానీ ఈలోగా మొదటిదాని గడువు తీరిపోయింది."

కాదన్నవాళ్లు ఒక్కరూ లేరు. అందరూ ఎంతో మర్యాదగా ఉన్నారు. ఆ మర్యాదకే వరాలుకు ఒళ్లు మండిపోయింది.

"కాళ్లున్నట్టే తెలీడం నేదే," అన్నాడు తవిటయ్య. "తాళ్లు కోసే కత్తి నీ నడుం కాడుంది గదా. కోసీ."

"కోస్తే మొత్తం పోద్ది బావా. కింద ఎంతమంది సస్తారో!"

"నాను సస్తన్నానే! నీ మొగుణ్ణి!"

వరాలు కత్తి తీసి మొన దుప్పటి మీద పెట్టింది. కోసేయాలని ప్రాణం కొట్టుకుంటోంది. చెయ్యి ముందుకు సాగలేదు. గట్టిగా ఏడ్చేసింది.

"సుచరితమ్మా, మా మాటలు ఆ మూడు ఆపీసులకీ ఇనిపించండి. మద్దిలో ఆపకండి."

మూడు రాజధానుల్లోనూ ఆ గొంతులు వినిపించాయి. తవిటయ్య బతిమాలాడు. ఆమెనీ, ఆమెను కన్నవాళ్లనీ నోటికొచ్చినట్టు తిట్టాడు. తర్వాత పసిపిల్లాడిలా ఏడ్చాడు. ప్రతిసారీ వరాలు ఒకటే మాట అంది: "కొయ్యను బావా." ఈసారి వివరణ ఎవరూ అడగలేదు. మూడు సమ్మతులూ ఒక్కసారే వచ్చాయి.

దుప్పటి తెరుచుకుంది. రక్షక దళం వాళ్లు తవిటయ్యను పైకి లాగారు. కాలివేళ్లు నల్లబడ్డాయి గానీ ప్రాణం ఉంది. సుచరిత మళ్లీ మాట్లాడింది. "ఒప్పందం నిలబెట్టారమ్మా. మూడు ప్రభుత్వాలూ మిమ్మల్ని అభినందిస్తున్నాయి."

వరాలు అదేమీ వినలేదు. అతనికి కంబళి చుట్టి, అరచేతులు రుద్దుతూ కూర్చుంది. అతను వద్దనలేదు. ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. అందుకే ఆమెకు భయం వేసింది.

"నానైతే కోసీసేవోణ్ణే, వరాలూ," అన్నాడు.

ఆ మాట నిజమని ఆమెకు తెలుసు.