గీత దాకా నింపిన గొట్టం

కారు ఎర్ర లైటును దాటేసింది.

కుడివైపు నుంచి లారీ! హారన్ మోత చెవులకు చిల్లులు పొడిచింది. వెనుక సీటులోని రిటైర్డ్ ఇన్‌స్పెక్టరమ్మ ముందు సీటును పట్టుకుని నిలదొక్కుకుంది.

"ఇంకెంత సేపు?"

"ఇరవై నిమిషాలు మేడమ్. గాల్లో తోలుతున్నా."

మిల్లు యజమాని పెద్దాయన ఎక్కే విమానం నలభై నిమిషాల్లో ఎగురుతుంది. దానితోపాటే ఇరవై రెండేళ్ళ కేసూ ఎగిరిపోతుంది.

ఇరవై రెండేళ్ళు... మిల్లు ఆఫీసులో టైపిస్టు పిల్ల. మెట్ల కింద శవమై దొరికింది. గోళ్ళలో హంతకుడి రక్తం. అది పెద్దాయనదేనని ఇన్‌స్పెక్టరమ్మ ఆనాడే నమ్మింది. నిరూపించలేకపోయింది. టైపిస్టు తల్లి మాత్రం ప్రతి నెలా మొదటి సోమవారం ఫోన్ చేస్తుంది. ఒకటే ప్రశ్న.

"దొరికాడా అమ్మా?"

ఈ ఉదయం దొరికాడు.

పట్టించింది సొంత మనవరాలు. వంశవృక్షం గీయాలని ముచ్చటపడి, ఇంటిల్లిపాది చేతా గొట్టాల్లో ఉమ్మించి డి.ఎన్.ఎ. పరీక్షకు పంపింది. కోర్టు అనుమతితో పాత రక్తం వివరాలూ ఆ ల్యాబులోనే ఉన్నాయి. తాత పేరున్న గొట్టం వాటితో అతికినట్టు సరిపోయింది. బంధువు కాదు... సాక్షాత్తూ ఆ మనిషే!

మనవరాలు ఏడుస్తూ ఫోన్ చేసింది. "ఆంటీ, ఫలితం సంగతి తెలియగానే తాతయ్య మా నాన్న కారు తీసుకుని ఎయిర్‌పోర్టుకి వెళ్ళిపోయారు. నా కారు పంపిస్తున్నా. తాతయ్య పాత డ్రైవరే వస్తాడు, అతనికేం చెప్పలేదు."

ఎయిర్‌పోర్టు గేటు దగ్గర ఎస్సై పెద్దాయనను మాటల్లో పెట్టి ఆపాడు. ఆమె దగ్గర పని నేర్చుకున్నవాడే. కానీ ల్యాబు కాగితాలు ఆమె సంచిలో ఉన్నాయి. అవి చేతికందనిదే అతడు బేడీలు వేయలేడు.

ఫోన్ మోగింది. ల్యాబ్ అమ్మాయి. ఇన్‌స్పెక్టరమ్మకు వినికిడి తక్కువ. స్పీకర్ నొక్కింది.

"మేడమ్, ఒక తిరకాసుంది. తాతకీ మనవరాలికీ పావు వంతు కలవాలి. సున్నా వచ్చింది. ఆయన సొంత చెల్లెలితో చూశాను. అదీ సున్నానే."

"అంటే?"

"ఆ ఉమ్మి తాతది కాదు మేడమ్. అసలా ఇంటి రక్తమే కాదు. ఎవరో పరాయి మగమనిషిది."

ఫోన్ ఆగింది.

బయట వాన. వైపర్ల చప్పుడు.

ఎయిర్‌పోర్టు మలుపు వచ్చింది... వెళ్ళిపోయింది.

"ఏమయ్యా, మలుపు దాటేశావు."

అద్దంలో రెండు కళ్ళు ఆమెనే చూస్తున్నాయి.

టక్!

నాలుగు తలుపులూ ఒకేసారి లాక్ అయ్యాయి.

ఆమె అద్దంలోని కళ్ళలోకే చూసింది.

"గొట్టంలో ఉమ్మింది నువ్వా?"

"మాత్రలకి అయ్యగారి నోరు ఎండిపోయింది మేడమ్. చుక్క రాలేదు. గీత దాకా నువ్వే నింపరా అన్నారు. నింపాను." అతడు పొడిగా నవ్వాడు. "ఉమ్మికి కూడా నోరుంటుందని నాకేం తెలుసు?"

"ఎందుకని అడగలేదా?"

"ముప్పై ఏళ్ళ నౌకరీ. ఎన్నడూ ఎదురడగలేదు."

తారు రోడ్డు అయిపోయింది. కంకర. ఎదురుగా పాడుబడ్డ క్వారీ. నీళ్ళు నిండిన గొయ్యి.

వేగం పెరిగింది.

"మీకు ఈతొచ్చా మేడమ్? నాకొచ్చు."

ముప్పై ఏళ్ళు... ఎన్నడూ ఎదురడగలేదు!

ఆమె వేలు ఎస్సై నంబరు, వెంటనే స్పీకర్ నొక్కింది.

"స్పీకర్ పెట్టి ఫోన్ పెద్దాయన నోటి దగ్గరుంచు. వెంటనే." ఒక్క క్షణం. "అయ్యా, మీ డ్రైవరుని కారు ఆపమనండి."

"ఏంట్రా ఇది?" మిల్లును వణికించిన గొంతు. "ఆపరా బండి!"

కాలు బ్రేకు మీద పడింది.

మనసు వద్దన్నా కాలు వింది. చక్రాలు కంకర మీద జారాయి... జారి, జారి, గొయ్యి అంచున ఆగాయి.

ఇన్‌స్పెక్టరమ్మ ముందుకు వంగి, తాళం చెవి లాగి సంచిలో వేసుకుంది.

డ్రైవరు తన కాలి వంక చూస్తున్నాడు. అది తనది కానట్టు.

"ఆ పిల్లని ఎందుకు చంపావు?"

"ఏదో చూడకూడని కాగితం చూసిందన్నారు. నోరు మూయించరా అన్నారు."

"ఎవరు?"

"ఇంకెవరంటారు మేడమ్? అయ్యగారే. మూయించాను."

సీటు మీద ఫోన్ ఇంకా వెలుగుతూనే ఉంది.

"ఒరేయ్..." పెద్దాయన గొంతు సగంలో తెగింది. వెనుక విమానం ప్రకటన వినిపిస్తోంది. తరువాత ఎస్సై.

"విన్నాను మేడమ్. చుట్టూ ఉన్నవాళ్ళూ విన్నారు."

"బేడీలు వెయ్యి. క్వారీ దగ్గరికి ఇంకో జత పంపు."

ఆమె మరో నంబరు నొక్కింది. అవతల ఒక ముసలి గొంతు తడబడింది.

"ఇవాళ సోమవారం కాదే తల్లీ... దొరికాడా?"

"దొరికారమ్మా," అంది ఇన్‌స్పెక్టరమ్మ. "ఒక్కడు కాదు. ఇద్దరు."