పరిశీలించడమైనది

ముద్రల మాస్టారు ఒక కాలికి సాక్సు తొడుక్కుని రెండోదాని కోసం మంచం కింద వెతుకుతుండగా, కూతురు నీలిరంగు ఫైలు ఒకటి చంకన పెట్టుకుని గుమ్మం దాటబోయింది.

"ఎక్కడికే పిచ్చుకా, ఇంత పొద్దున్నే?"

"ఉద్యోగంలో చేరడానికి."

"ఏ ఉద్యోగం? నాతో మాటమాత్రం అనలేదేం?"

"అంటే ఊరుకుంటావా? వాళ్ళకి ఫోన్ చేసి మా అమ్మాయే అంటావు. నీ సిఫార్సు లేకుండా నాకై నేను తెచ్చుకున్నా. సాయంత్రం వచ్చి చెప్తా."

"వెళ్ళనివ్వండి, అచ్చం మీ మొండితనమే," అని బడికి సెలవులు కావడంతో తీరిగ్గా పేపరు చదువుకుంటున్న భార్య నవ్వింది. టీచరమ్మ నవ్వితే ఆ ఇంట్లో ఇక వాదన ఉండదు. పిచ్చుక వెళ్ళిపోయింది.

ఆయన పని యూనివర్సిటీలో, చదువు ముగించిన పిల్లలకు ఉద్యోగాలు చూపించే ఆఫీసులో. ఒక గది, ఒక ఫ్యాను, వరండాలో ఒక నోటీసు బోర్డు. మనుషులు కావాలని ఏ కంపెనీ రాసినా, ఆయన స్వయంగా వెళ్ళి చూసి, కాగితం మీద 'పరిశీలించడమైనది' అని ముద్ర వేసి బోర్డుకు పెట్టాలి. మొదట్లో స్కూటరు మీద ప్రతి చోటికీ వెళ్ళేవాడు. బోర్డు ఎప్పుడూ నిండుగా కనపడాలని పైఅధికారి పట్టుబట్టాక, వెళ్ళడం మానేసి ముద్ర మాత్రం మానలేదు. టీ తాగుతూ ఒక చేత్తో టకటకా వేసేవాడు. పిల్లలు పెట్టిన 'ముద్రల మాస్టారు' అన్న పేరు విని మురిసిపోయేవాడు కూడాను.

పదకొండు గంటలకు ఒకావిడ గుమ్మంలో నిలబడింది. చేతిలో ఒక జిరాక్సు కాగితం.

"సార్, మా అమ్మాయి ఇక్కడ చూసే చేరిందండీ. ట్రైనింగని ఎక్కడికో తీసుకెళ్ళారు. అక్కడ రాత్రీ పగలూ గదిలో కూర్చోబెట్టి ఎవరెవరికో ఫోన్లు చేయించి అబద్ధాలు చెప్పించారట. గోడ దూకి వచ్చేసింది. సర్టిఫికెట్లు వాళ్ళ దగ్గరే ఉండిపోయాయి. పిల్ల మాట్లాడటం లేదు సార్, తలుపేసుకుని కూర్చుంటోంది."

కాగితం తీసుకున్నాడు. ఒరిజినల్ సర్టిఫికెట్లు తేవాలి, ఫోన్లు అప్పగించాలి, మార్కెట్ వీధి, మూడో అంతస్తు. కింద తన ముద్ర, తన సంతకం. అదే నోటీసు పోయిన వారం మళ్ళీ వస్తే మళ్ళీ ముద్ర వేశాడు.

"మీరు చూశారు కదాని పంపామండీ," అంది ఆవిడ. తిట్టినా బాగుండేది.

నీలం ఫైలు గుర్తొచ్చింది. కూతురికి ఫోన్ చేశాడు. స్విచ్చాఫ్. భార్యకు చేశాడు.

"పిల్ల చేరేది ఎక్కడ?"

"మీ బోర్డు మీద చూసిందేనండీ. మార్కెట్ వీధిలో అంది. ఏమైంది?"

ఫోన్ బల్ల మీదే వదిలేసి పరిగెత్తాడు.

మార్కెట్ వీధిలో ఆ భవనం మెట్లు ఎక్కడం అదే మొదటిసారి. మూడో అంతస్తులో ఇనుప తలుపుకు తాళం. బాదాడు. చెవి ఆనించి విన్నాడు. లోపల చడీ చప్పుడూ లేదు. "పిచ్చుకా!" అని అరిస్తే తన గొంతే తిరిగొచ్చింది.

కింద వాచ్‌మన్ బీడీ ఆర్పి, "వాళ్ళా? పొద్దున్నే వ్యానొచ్చింది. పిల్లల్నెక్కించుకుని పోయారు," అన్నాడు.

"ఎటు?"

"నాకెట్లా తెలుస్తుందయ్యా?"

స్కూటరు దగ్గరికి వచ్చాడు. పోలీసులకు ఏమని చెప్పాలి? ఫిర్యాదు ఎవరి మీద? భార్యకు మొహం ఎలా చూపించాలి? చివరికి బండి ఇంటివైపే తిరిగింది.

ఇంటి ముందు చెప్పులు. గుమ్మం నుంచి గేటు దాకా, ఎవరెవరివో చెప్పులు.

ఒక ఇంటి ముందు అన్ని చెప్పులు ఎప్పుడుంటాయో ఆయనకు తెలుసు. గేటు పట్టుకుని అక్కడే కూలబడ్డాడు. లోపలి నుంచి ఏడుపు వస్తుందేమోనని చెవులు మూసుకున్నాడు.

"నాన్నా!"

పిచ్చుక. నీలం ఫైలు గుండెకు హత్తుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఆయన లేచి కూతుర్ని పట్టుకుని చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు. ఆమె మాత్రం చెయ్యి వెయ్యలేదు.

"సర్టిఫికెట్లకి రసీదు అడిగా. కుదరదన్నారు. ఫైలు లాక్కుని వ్యాన్ దిగిపోయా. నా వెనకే వీళ్ళూ దిగారు. ఫోన్లు ఆ వ్యానువాళ్ళ దగ్గరే ఉండిపోయాయి. అమ్మ నీకెన్నిసార్లు చేసిందో తెలుసా?"

ముందు గదిలో తొమ్మిదిమంది పిల్లలు చాప మీద ఒదిగి కూర్చున్నారు. టీచరమ్మ మంచినీళ్ళు ఇస్తోంది. ఆమె మొహంలో నవ్వు ఛాయ కూడా లేదు.

"ఇద్దరు దిగలేదు నాన్నా," అంది పిచ్చుక. "ముద్రల మాస్టారు చూడకుండా పెడతారా అని వాళ్ళలో ఒకమ్మాయి నాతోనే పోట్లాడింది."

టీచరమ్మ నీళ్ళ చెంబు కింద పెట్టింది.

"ఒక్కమాట చెప్పండి," అంది భార్య. "ఆ మెట్లు మీరు ఎప్పుడైనా ఎక్కారా?"

"ఇవాళ ఎక్కాను."

"ముద్ర వేసే ముందు?"

"లేదు." ఆయన పిల్లలవైపు తిరిగాడు. "ఒక్క చోటా చూడలేదమ్మా. చూశానని మిమ్మల్ని నమ్మించాను. తప్పు నాది."

పిచ్చుక ఫైలు వెనక వ్యాన్ నంబరు రాసుకుంది. దాన్ని పట్టుకుని అందరూ స్టేషనుకు నడిచారు. ఫిర్యాదులో తన పేరు తనే రాయించాడు. భార్య ఫోన్లోంచి ఆ ఇద్దరి ఇళ్ళకూ తనే చేశాడు. రెండో ఇంట్లో తండ్రి ఏమీ అనకుండా ఊపిరి మాత్రం వినిపిస్తూ ఉండిపోయాడు. ఆ ఊపిరి తనకు కొత్త కాదు. ఇందాకటి దాకా తనూ అలాగే పీల్చాడు.

సాయంత్రానికి ఊరి బయట పెట్రోలు బంకులో వ్యాన్ దొరికింది. ఇద్దరూ క్షేమం. పోట్లాడిన అమ్మాయి స్టేషన్లో ఆయన్ని చూసి నమస్కారం పెట్టబోయి, చేతులు దించేసుకుంది.

ఇంటికి వచ్చాక, దారిలో ఆఫీసు నుంచి తెచ్చిన ముద్ర తీసి కూతురి చేతిలో పెట్టాడు. "నా దగ్గరుంటే చెయ్యి ఊరుకోదు. చూసొచ్చాక అడుగుతా, అప్పుడివ్వు." ఆమె దాన్ని పిడికిట్లోకి తీసుకుంది.

మర్నాడు బోర్డు మీద కాగితాలన్నీ పీకేసి, మొదటి అడ్రసు పట్టుకుని స్కూటరు తీశాడు. వెనక సీటు బరువెక్కింది.

"నువ్వెందుకే?"

"మెట్లెక్కుతావో లేదో చూడొద్దూ?"

ఆ అడ్రసూ మూడో అంతస్తే. రెండో అంతస్తుకే ఆయాసం వచ్చి గోడకు ఆనుకున్నాడు. కళ్ళు తుడుచుకుంటున్నాడని పిచ్చుక కనిపెట్టింది. ఒక చేతి పిడికిట్లో ముద్ర అలాగే ఉంది. రెండో చెయ్యి ఆయన వీపు మీద వేసింది.

"ఇంకో అంతస్తుంది నాన్నా. పద."