దేవకృప పిలిచిన బ్రదర్

శనివారం పొద్దున్నే దేవకృప ఇల్లంతా తలకిందులు చేసింది. సాయంత్రం ఆరింటికి వాళ్లింట్లో కూడిక. తిరుమలగిరిలోని ఆ చిన్న సంఘంలో నెలకొకరింట్లో ప్రార్థన పెట్టుకుంటారు. ఎవరింట్లో జరిగినా జరిగిపోతుంది గానీ, దేవకృప ఇంట్లో జరిగిన కూడిక గురించి మాత్రం మిగతా పదకొండు నెలలూ జనం చెప్పుకోవాలి. చెప్పుకోకపోతే ఆమెకు అన్నం సయించదు. సోఫా కవర్లు మారాయి, కర్టెన్లు మారాయి, అద్దె కుర్చీలు వచ్చాయి. నలభై మందికి సరిపడా ఖీమా సమోసాలకు ఆర్డరు వెళ్లింది.

"ఏవండీ, సమోసాలకు అడ్వాన్స్ ఇచ్చిన్రా?"

"ఇస్తా," అన్నాడు సామ్యూల్.

"నిన్న సుత గదే అన్నరు. మీరు చెయ్యరు, చేసేటోళ్లను చెయ్యనియ్యరు."

సామ్యూల్ కుర్చీలోంచి లేచాడు. ముప్పై ఏళ్లు ఒక ప్రైవేటు స్కూలు ఆఫీసులో గుమాస్తాగా పనిచేసి రిటైరైన మనిషి. స్కూల్లో హెడ్మాస్టరు మాట్లాడేవాడు, ఇంట్లో దేవకృప మాట్లాడేది, ఆయన వంతు ఎక్కడా రాలేదు. తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్లాడు. ఈ మధ్య బాత్‌రూములోకి కూడా ఫోను తీసుకెళ్తున్నవాడు ఆ పూట బల్ల మీదే మరిచిపోయాడు.

అది మోగింది. దేవకృప ఎత్తింది. ఎవరి ఫోనైనా, ఎవరు చేసినా, ఆమె నోట మొదట వచ్చే మాట ఒకటే.

"ప్రైజ్ ద లార్డ్."

అవతలి మగగొంతు కాస్త తడబడి, వెంటనే మెత్తబడింది. "ప్రైజ్ ద లార్డ్ ఆంటీ. సామ్యూల్ అంకుల్ ఉన్నరా?"

"స్నానానికి పోయిన్రు. ఎవరు బ్రదర్ మీరు?"

"వేణు అంటరు ఆంటీ. అంకుల్‌ని కలుద్దామని చాన్నాళ్ల నుంచి ట్రై చేస్తున్న, దొరుకుతలేరు."

"ఆయన గంతే. సాయంత్రం ఆరింటికి మా ఇంట్ల కూడిక ఉంది, రాండ్రి. అందరం ఉంటం."

"అందరుంటరా ఆంటీ?"

"పాస్టర్ అయ్యగారు సుత వస్తరు."

"అయితే తప్పకుండ వస్త," అన్నాడు వేణు. ఇల్లు ఎక్కడో, ఏ మలుపులో తిరగాలో దేవకృప విడమరిచి చెప్పింది. ఒక కొత్త ఆత్మను మందలోకి చేర్చానన్న తృప్తితో ఫోను బల్ల మీద పెట్టింది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటారు. ఈ బల్లి కుడితి తొట్టికి తానే దారి చెప్పింది.

స్నానం చేసి వచ్చిన భర్తతో ఆ సంగతి అంది. సామ్యూల్ తల తుడుచుకోవడం ఆపేశాడు.

"కృపా, ఈ రోజు కూడిక వద్దు. నాకు ఒంట్ల బాగలేదు."

"మీకు ఎప్పుడు బాగుంది గనక?"

"అది కాదు. నీకు ఒక మాట..."

"కూడిక అయినంక చెప్పండి. ముందు ఆ సమోసాల సంగతి చూడండి."

ఆయన చెప్పులు వేసుకుని వెళ్లాడు. సమోసాలకు డబ్బు ఎక్కడ సర్దాడో దేవకృప అడగలేదు. ఎన్నడూ అడిగిన మనిషి కాదు.

ఆరింటికి ముందుగది నిండిపోయింది. ముప్పై మందికి పైగా వచ్చారు. వచ్చినవాళ్లంతా సోఫా కవర్లు చూశారు, మెచ్చుకున్నారు. మేబెల్ మాత్రం ఎప్పటిలాగే గుమ్మం పక్క కుర్చీలో కూర్చుంది. భర్త పోయాక ఒక నర్సింగ్ హోమ్‌లో రిసెప్షన్‌లో పనిచేసుకుంటూ పిల్లను చదివించుకుంటున్న మనిషి. రెండేళ్లుగా ఆమె దేవకృప ఇంట్లో గుమ్మం దాటి లోపలికి వచ్చి కూర్చోలేదు. ఎందుకని దేవకృప ఎప్పుడూ అనుకోలేదు.

పాటలు మొదలయ్యాక వేణు వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. ఇస్త్రీ చొక్కా, భుజాన బ్యాగు. అందరికీ వంగి వందనాలు చెప్పి, పాట రాకపోయినా చప్పట్లు కొట్టాడు. సామ్యూల్ వంటగది తలుపు దగ్గర నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉన్నాడు.

పాస్టర్ జీవరాజుగారు వాక్యం ముగించి, "దేవుడు చేసిన మేలు గురించి ఎవరైనా సాక్ష్యం చెప్పాలనుకుంటే చెప్పండి," అన్నారు.

వేణు లేచాడు. దేవకృప ముఖం వెలిగిపోయింది.

"అందరికి వందనాలు. నా పేరు వేణుమాధవ్. నాకు ఇది కొత్త, తప్పులుంటే మన్నించాలె. ఎనిమిది నెలల నుంచి నేను ఒక మనిషి కోసం తిరుగుతున్న. ఫోన్ చేస్తే ఎత్తడు, పోతే ఇల్లు దొరకదు. ఈ రోజు పొద్దున ఆంటీ నోటితోని దేవుడే అడ్రసు చెప్పించిండు."

"స్తోత్రం," అన్నారు ఇద్దరు ముగ్గురు.

"ఆ మనిషి పేరు సామ్యూల్ అంకుల్. రెండు క్రెడిట్ కార్డులు, వాటి మీద అడ్రసు పాత స్కూలు ఆఫీసుది. అంతా కలిపి మూడు లక్షల నలభై వేలు." వేణు బ్యాగులోంచి కాగితాలు తీశాడు. "మీ చర్చిల కీబోర్డు ఉంది కద, అది బ్యాంకు పైసలు. పోయిన క్రిస్మస్‌కు మీరు తిన్న బిర్యానీ, అది సుత బ్యాంకు పైసలే. స్టేట్‌మెంట్ల అంతా ఉంది. నేను ఆయనను దొంగ అంటలేను. తిని ఎగ్గొట్టినోన్ని ఏమంటరో మీ బైబిల్ల రాసే ఉంటది."

సామ్యూల్ ఎవరి వంకా చూడలేదు, ఒక్క దేవకృప వంక తప్ప.

"ఆంటీ, మీకు తెల్వకుండ ఉంటదా?" అన్నాడు వేణు తీయగా.

దేవకృప లేచి నిలబడింది. ఆ గదిలో ముప్పై జతల కళ్లు ఆమె మీదే ఉన్నాయి. ఇరవై ఏళ్లుగా కట్టుకున్న గొప్పంతా ఆ కళ్లలోనే ఉంది.

"నాకు తెల్వదు," అంది. "ఆయన ఏం జేసిండో, ఎక్కడ తగలేసిండో నాకు తెల్వదు. ఆయన అప్పులకు, నాకు సంబంధం లేదు. సిగ్గులేని మనిషి. ఇన్నేండ్లు ఒక్క పని తిన్నగ జేసింది లేదు. నలుగుర్ల నా ముఖం మీద ఉమ్మిపిచ్చిండు."

ఎన్నడూ 'మీరు' తప్ప అనని భర్తను ఆ రోజు అందరి ముందు 'ఏం జేసిండో' అంది. ఆ సంగతి ఆమెకు తట్టలేదు. విన్నవాళ్లకు తట్టింది.

"చూసిన్రా అంకుల్, ఇంట్లోల్లు సుత వదిలేసిన్రు," అని వేణు ఫోను తీసి ఎదురుగా పట్టుకున్నాడు. "ఎప్పుడు కడతరో అందరి ముందర చెప్పుండ్రి. వీడియో తీసి యాప్రాల్‌ల ఉండే మీ అల్లుడికి పంపుత, ఆయన నంబరు నా దగ్గర ఉంది. చేతులు జోడిస్తె ఇంకా మంచిది."

సామ్యూల్ చేతులు జోడించాడు. అరవై మూడేళ్ల మనిషి, సొంత ఇంట్లో, తన పిల్ల వయసువాడి ఫోనుకు దండం పెట్టాడు.

"ఫోను జేబుల పెట్టు బాబు."

మాట గుమ్మం దగ్గరినుంచి వచ్చింది. మేబెల్ లేచి వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది.

"నీ ఐడీ కార్డు చూపియ్యి. వసూలుకు బ్యాంకు ఇచ్చిన లెటర్ చూపియ్యి."

"ఆఫీసుల ఉన్నయి ఆంటీ. మీరెవరు మధ్యల?"

"వసూలుకు సాయంత్రం ఏడు దాటినంక రావొద్దని ముందే వచ్చినవ్, ఆ రూలు నేర్పిన్రన్నట్టు. అప్పు సంగతి బయటోళ్ల ముందర తియ్యొద్దని, మనిషి పరువు తియ్యొద్దని నేర్పలేదా? నీ పేరు నువ్వే చెప్పినవ్, ఇంతమంది విన్నరు. సోమవారం బ్యాంకుల కంప్లైంట్ రాసిస్త. వాళ్లు పట్టించుకోకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్‌కు రాస్త. రాసుడు నాకు కొత్త గాదు."

వేణు అటూ ఇటూ చూశాడు. అప్పటికి పాస్టరుగారికి కూడా గొంతు దొరికింది, "బాబూ, ఇక వెళ్లండి," అన్నారు. వేణు కాగితాలు సర్దుకున్నాడు. "నేను పోతె ఇంకొకడు వస్తడు అంకుల్," అని చెప్పి, పోతూ పోతూ పళ్లెంలోంచి ఒక సమోసా తీసుకున్నాడు.

తర్వాత పావుగంటలో ఇల్లు ఖాళీ అయింది. అందరికీ ఒకేసారి పనులు గుర్తొచ్చాయి. చివరగా చెప్పులు వేసుకుంటూ మేబెల్ అంది: "కొంత తగ్గించి ఒక్కసారి కట్టేటట్టు బ్యాంకును సెటిల్‌మెంట్ అడగొచ్చు సిస్టర్. కానీ ఫోన్‌ల చెప్పింది నమ్మొద్దు, బ్యాంకు లెటర్ చేతికొచ్చినంకనే పైసలు కట్టాలె. సోమవారం వచ్చి రాసిస్త." గడప దిగి వెనక్కి తిరిగింది. "ఆయన కోసం వస్త."

తలుపు వేసి వచ్చి దేవకృప భర్త ఎదుట నిలబడింది.

"ముప్పై నాలుగేండ్ల కాపురం. నాకొక్క మాట చెప్పబుద్ధి గాలేదా?"

సామ్యూల్ అద్దె కుర్చీలు ఒకదాని మీద ఒకటి పెడుతున్నాడు. ఆ పని ఆపకుండానే చెప్పాడు.

"చర్చిల నువ్వు లేచి, మా ఇంటి తరఫున కీబోర్డు అన్నవ్. అందరు చప్పట్లు కొట్టిన్రు. నా దగ్గర పన్నెండు వేలే ఉండె. కార్డు మీద కొన్న. మల్ల స్పీకర్ బాక్సులన్నవ్, క్రిస్మస్ భోజనాలన్నవ్. నెలనెల బిల్లు మీద రాసిన మినిమం కట్టిన, ఒక్క రోజు లేటు గాలే. బ్యాంకోళ్లు మెచ్చుకొని లిమిట్ సుత పెంచిన్రు. మంచిగ కడుతున్ననే అనుకున్న కృపా. రెండేండ్లు కట్టినంక చూస్తే అసలు అట్లనే ఉంది, మిత్తి మీద మిత్తి. రెండో కార్డు తీసి మొదటిది కట్టిన."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. గుమాస్తాగా ముప్పై ఏళ్లు ఊరివాళ్ల ఫీజులన్నీ పైసాతో సహా సరిచూసిన మనిషి, 'మినిమం' అన్న ఒక్క మాట దగ్గర మోసపోయాడు.

"నాకు చెప్తే నేను ఆపకపోదునా?"

"చెప్దామనే అనుకున్న. రెండేండ్ల కింద, మేబెల్ ఇంట్ల కూడిక రోజు. ఇంటికొచ్చినంక చెప్పాలె అనుకున్న. అక్కడ నువ్వు ప్రార్థన చేసినవ్. 'ప్రభువా, మేబెల్ సిస్టర్ భర్త పెట్టిపోయిన అప్పులు, ఆమె ఇంటి ముందట నిలబడి తిట్టే మనుషులు, ఆమె పోగొట్టుకున్న పరువు' అని పేరు పెట్టి చెప్పినవ్. నిన్ను నమ్మి నీకొక్కదానికే చెప్పుకుంది ఆమె. నేను కండ్లు తెరిచి చూస్తే, ఏడుస్తలేదు. గోడ దిక్కు చూస్తుండె." ఆయన ఇంకో కుర్చీ ఎత్తి పెట్టాడు. "నా పేరు సుత దేవునికి అట్లనే చెప్తవని భయమైంది."

దేవకృపకు ఆ రోజు గుర్తుంది. ఎంత భారంతో ప్రార్థించావు సిస్టర్ అని నలుగురు మెచ్చుకుంటే, సంతోషంగా ఇంటికి వచ్చింది. ఇవాళ ఆ కుర్రవాడు జీతానికి చేసిన పని, ఆ రోజు తాను ఊరికే చేసింది. వాడు కళ్లు తెరుచుకుని చేశాడు, తాను మూసుకుని చేసింది. అంతే తేడా.

"అప్పులోళ్ల కన్న నాకే ఎక్కువ భయపడ్డరా?"

సామ్యూల్ చేతిలోని కుర్చీ కింద పెట్టాడు. అబద్ధం చెప్పడం ఆయనకు చాతకాదు.

"వాళ్లు కొంచెంసేపటికి ఫోన్ పెట్టేస్తరు కృపా," అన్నాడు.

ఆయన కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. తుడుద్దామని దేవకృప దగ్గరకు వెళ్లి చెయ్యి ఎత్తింది. సామ్యూల్ చటుక్కున తల పక్కకు తిప్పుకుని, మోచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

ముప్పై నాలుగేళ్లలో ఆమె ఒక్కసారైనా ఆయన మీద చెయ్యి చేసుకున్నది లేదు. ఎత్తిన చెయ్యి ఏం చేసుకోవాలో తెలియక దేవకృప అలాగే నిలబడిపోయింది. తర్వాత మెల్లగా దించి, ఆయన పేర్చిన కుర్చీల్లోంచి రెండు తీసి ఎదురెదురుగా వేసింది. ఒకదాంట్లో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"నన్ను క్షమించమని అడిగే ముఖం సుత లేదు నాకు," అంది కాసేపటికి. "కూర్చోండి. మొదటి నుంచి చెప్పండి. ఏ నెల ఎంత కట్టిన్రు, వాళ్లు ఏమేమన్నరు, మీరు ఎక్కడికి పోయి ఒక్కరే ఏడ్చిన్రు. అన్ని చెప్పండి."

సామ్యూల్ కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. మొదటి మాట మొదలుపెట్టి, ఆమె ముఖం వంక చూసి ఆగాడు. ఆమె మాట అందుకోలేదు. ఆయన మళ్లీ మొదలుపెట్టాడు. ఒకచోట తప్పాడు, ఒకచోట చెప్పిందే చెప్పాడు. దేవకృప చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆయన చెప్పడం అయ్యేదాకా వింది.